స్పాకు మండువా ఇల్లా, కాంప్లెక్స్‌లో అంతస్తా?

కోనసీమలో పాత మండువా లోగిలి అద్దెకు దొరికితే ఎవరికైనా మనసు లాగుతుంది. గాలి, వెలుతురు, వాన చప్పుడు ఊరికే వస్తాయి. చిక్కల్లా గోప్యతతోనే. గదుల తలుపులన్నీ మండువాలోకే తెరుచుకుంటాయి. తువ్వాలుతో బయటికొచ్చిన మనిషి ఎదుటి వసారాలో కూర్చున్నవాళ్ల కంట పడతాడు. అందుకే స్నానాలగది ప్రతి గదికీ లోపలే ఉండాలి, వెళ్లేవాళ్లకు పెరటి దారి చూపాలి. అడ్డుగోడ పెంకుల దాకా లేకపోతే పక్కగది మాటలు స్పష్టంగా వినిపిస్తాయి. ఆ ఖాళీని ఇటుకతోనే మూయాలి. ఉత్త ఫాల్స్ సీలింగ్ వేస్తే శబ్దం దాని పైనుంచి దాటిపోతుంది.

భీమవరంలోనో రాజమండ్రిలోనో కాంప్లెక్స్ అంతస్తు తీసుకుంటే గదులు మన కొలతకు కట్టుకోవచ్చు. మసాజ్ బల్ల 2.5 అడుగులు, రెండు పక్కలా 3 అడుగుల చొప్పున కలిపితే గది వెడల్పు కనీసం 8.5 అడుగులు. నడవాలో తలుపులు ఎదురెదురుగా పెట్టొద్దు. తలుపు సగం తెరిచినా రెక్క బల్లకు చాటయ్యేలా బందులు బిగించాలి, చాలామంది మరిచేది ఇదే. జిప్సం బోర్డు గోడైతే స్లాబు దాకా లేపి, లోపల శబ్దాన్ని పీల్చే రాక్‌వూల్ (రాతినార) నింపాలి. స్నానాలగది గోడకు మాత్రం ఇటుకే. మన తేమకు మామూలు జిప్సం ఉబ్బి బూజు పడుతుంది.

రెండు మూడు గదులకైతే మండువా ఇల్లే మేలు. అంతకు మించితే ఎదురుపడే మనుషులు ఎక్కువై ఆ ప్రశాంతత దక్కదు. నూనె కలిసిన నీళ్లలోంచి జిడ్డును ఆపే తొట్టి (గ్రీజ్ ట్రాప్) మాత్రం రెండుచోట్లా కావాలి.