చలికాలపు నడకలో 150–600 మి.మీ. జూమ్ లెన్సు

రెండు చలికాలాలుగా ఉదయపు నడకకు వెంట తీసుకెళ్తున్న 150–600 మి.మీ. జూమ్ లెన్సు గురించి క్లుప్తంగా చెప్పమంటే, అది పిట్టను దగ్గరకు తెస్తుంది గాని వెలుతురును తేలేదని చెబుతాను. దీన్ని కొనేవారిలో చాలామంది, దూరాన్ని ఎంత దగ్గరకు లాగగలదో చెప్పే 600 అనే అంకెను చూసే కొంటారు; నేనూ అలాగే కొన్నాను. ఆ చివరన దీని అపర్చర్, అంటే వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం, ఎఫ్/6.3ను మించి తెరుచుకోదు (ఎఫ్ పక్కన అంకె చిన్నదైనకొద్దీ రంధ్రం పెద్దది). 600 మి.మీ. ఎఫ్/4 లెన్సు దీనికి రెండున్నర రెట్ల వెలుతురును లోపలికి రానిస్తుంది గాని, దాని బరువును, ధరను మోయడం అందరి వల్లా కాదు.

ఆకులు రాలిన కొమ్మల మీద పిట్టలు తేలికగా కంటబడతాయి కనుకనూ, ఎండ రోజంతా ఏటవాలుగా పడుతుంది కనుకనూ ఫొటోలకు చలికాలమే అనువైన కాలం. అయితే పిట్టలు ఆకలితో తిరిగే తొలి గంటలోనే వెలుతురు తక్కువ. కదిలే పిట్ట చెదరకుండా పడేందుకు 1/1000 సెకను షటర్ వేగం కావాలంటే, వెలుతురుకు కెమెరా స్పందించే తీరును తెలిపే ఐఎస్‌ఓను 6400 వరకు పెంచవలసి వస్తుంది; అలా పెంచితే ఫొటోలో గరుకు పెరిగి, ఈకల్లోని సన్నని గీతలు అందులోనే కలిసిపోతాయి. లెన్సులోని స్టెబిలైజర్ మన చేతి వణుకును సర్దుతుందే తప్ప పిట్ట తల తిప్పడాన్ని ఆపలేదు.

ఒక ఉదయం కంచె మీద, చలికి ఈకలు ఉబ్బించుకుని దూదిబంతిలా కూర్చున్న పిచ్చుక ఆరు మీటర్ల దూరంలో దొరికింది. ఫుల్‌ఫ్రేమ్ (36×24 మి.మీ. సెన్సర్ ఉన్న) కెమెరాలో 600 వద్ద అది చట్రం ఎత్తులో సగానికి పైగా నిండింది. ఆ దూరంలో స్పష్టంగా పడే లోతు నాలుగు సెంటీమీటర్లకు మించదు కనుక, కన్ను, ముక్కు పదునుగా వచ్చి తోక మసకబారింది. నాకు అందులో లోటేమీ కనబడలేదు. కంటిలో ఉదయపు మెరుపు పడితే తోక సంగతి ఎవరు అడుగుతారు? ఆ పిచ్చుకే పొదలోకి దూరాక మాత్రం, ఆటోఫోకస్ ముందున్న పుల్లను పట్టుకుని ఎంతకీ వదల్లేదు. ఇలాంటి చోట ఫోకస్ దూరాన్ని పరిమితం చేసే మీట కొంత ఆదుకుంటుంది గాని, పుల్లకూ పిట్టకూ మధ్య జానెడు దూరమే ఉంటే చేత్తో ఫోకస్ చేయక తప్పదు.

బరువు సుమారు రెండు కిలోలు. జూమ్ చేసినప్పుడు గొట్టం ముందుకు సాగి బరువంతా ముందుకు జరుగుతుంది కాబట్టి, ఉడుత చెట్టు దిగేదాకా గురిపెట్టి నిలబడితే ఎడమ మణికట్టు లాగేస్తుంది. భుజానికి వేలాడదీసి నడిస్తే గొట్టం తనంత తానే జారుతుంది. లాక్ వేయడం మరిచిపోయి కంచె రాటకు ఒకసారి తగిలించుకున్నాను. అదృష్టవశాత్తు లెన్సు ముందుండే తొడుగు, హుడ్ మాత్రమే గీసుకుపోయింది.

చలిలోంచి వెచ్చని గదిలోకి తెస్తే అద్దం మీద తేమ పడుతుంది. అందుకే మెమరీ కార్డును వాకిట్లోనే తీసుకుని, లెన్సును సంచిలో బిగించి ఒక గంట ముట్టుకోకుండా ఉంచుతాను.