బెదిరింపు వస్తే ఊళ్లోనే ఉండాలా, కొన్నాళ్లు తప్పుకోవాలా: ఏది మేలు?

రొయ్యల చెరువుల మీద ఫిర్యాదు పెట్టినవాళ్లు, ఇసుక ర్యాంపు లెక్కలు ఆర్‌టీఐలో అడిగినవాళ్లు, అట్రాసిటీ కేసులో బాధితుల వెంట నిలబడ్డవాళ్లు, గల్ఫ్‌లో చిక్కుకున్న ఆడవాళ్ల కోసం ఏజెంట్లతో తలపడేవాళ్లు... అమలాపురం వైపు నుంచైనా భీమవరం వైపు నుంచైనా నన్ను అడిగేది ఒక్కటే. "బెదిరిస్తున్నారండీ. ఇక్కడే ఉండమంటారా, ఎటైనా వెళ్లమంటారా?" అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ప్రాణానికే ముప్పు అనిపిస్తే ఆలోచించడానికి ఏమీ లేదు. వెంటపడినా, ఇల్లు చూసి వెళ్లినా, ఒకసారి చెయ్యి చేసుకున్నా అదే రోజు బయల్దేరాలి. లంక గ్రామాల వాళ్లు మరీ ముందుగా కదలాలి. రేవు దాటడమే దారి అయినప్పుడు చివరి పంటు వెళ్లిపోయాక చేసేదేమీ ఉండదు, వరద రోజుల్లో కాజ్‌వేలు కూడా మునుగుతాయి. నలుగురి మధ్యా ఉన్నాం కదా అన్న ధైర్యం అన్నిసార్లూ కాపాడదు. పౌరహక్కుల సంఘం డాక్టర్ రామనాథం గారిని 1985లో వరంగల్లో ఆయన క్లినిక్‌లోనే కాల్చి చంపారు.

వెళ్లడంలో ఇంకో సౌకర్యం ఉంది. 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నేర విచారణ చట్టంలో (బీఎన్‌ఎస్‌ఎస్) జీరో ఎఫ్ఐఆర్ స్పష్టంగా ఉంది. నేరం పోలీసులు నేరుగా కేసు కట్టదగ్గదైతే రాజమండ్రిలోనో విశాఖలోనో ఉన్న స్టేషన్‌లో కూడా ఫిర్యాదు ఇవ్వొచ్చు, మీ ఊరి స్టేషన్‌కే వెళ్లాలని లేదు. తీసుకోకపోతే అదే కాగితం పోస్టులో ఎస్పీకి పంపండి. జాతీయ మానవ హక్కుల కమిషన్‌లో హక్కుల కార్యకర్తల ఫిర్యాదులు చూసేందుకే ఒక ఫోకల్ పాయింట్ ఉంది, దానికీ ఒక కాపీ వెయ్యండి.

కానీ మనవైపు వచ్చే బెదిరింపుల్లో ఎక్కువ భాగం కత్తితో రావు. బెదిరించేవాడు ఊరివాడే. మన బండి తెలుసు, ఏ పొద్దున ఏ కాలవగట్టు మీద వెళ్తామో తెలుసు, మన నాన్న ఎవరి చేను కౌలుకు చేస్తున్నాడో ఇంకా బాగా తెలుసు. "మీవాడికి కాస్త చెప్పుకోండి" అని నాన్నతో అంటాడు. 2017లో పశ్చిమ గోదావరి జిల్లా గరగపర్రులో అంబేడ్కర్ విగ్రహం గొడవ తర్వాత దళితులను వెలివేసి పనులకు పిలవడం మానేశారు. అలాంటి చోట కార్యకర్త ఊరు వదిలితే ఆ ఒత్తిడంతా ఫిర్యాదుదారు ఇంటి మీద పడుతుంది. "డబ్బు పుచ్చుకుని పోయాడు" అన్న మాట పుడుతుంది. పెద్దమనుషులు రాజీకి కూర్చోబెడతారు. సాక్షి వాయిదాకి వచ్చి నాకేం తెలియదంటాడు. ఈ జిల్లాల్లో కేసులు ఎక్కువగా పోయేది ఇలాగే.

అందుకే ఎవరడిగినా ముందు నేను తిరిగి అడిగేది, మీ కేసు ఎంతమంది చేతుల్లో ఉంది అని. కాగితాలు ఒక్కరి దగ్గరే ఉండి, లాయరుతో ఒక్కరే మాట్లాడుతూ, బాధితులకు ఆ ఒక్కరి నంబరే తెలిసి ఉంటే ఆ మనిషిని తప్పిస్తే చాలు, కేసు పోతుంది. అవతలివాళ్లకు ఆ లెక్క మనకంటే ముందే తెలుసు. ముగ్గురి దగ్గర కాపీలుండి, వాయిదాకు ఒకసారి ఒకరు, ఇంకోసారి ఇంకొకరు వెళ్తుంటే ఒక్కరిని భయపెట్టి లాభం ఉండదు. నిద్ర సంగతీ ఇంతే. నేను లేకపోతే వీళ్లకెవరు దిక్కు అన్న టెన్షన్ ఉన్నంతకాలం హైదరాబాద్ వెళ్లి పడుకున్నా నిద్ర రాదు, ఫోన్ పట్టుకునే తెల్లారుతుంది.

పని అలా పంచుకోగలిగితే ఊళ్లో ఉండటమే మేలని నేను అనుకుంటాను. ఉండటమంటే ఒంటరిగా కాదు. చీకటి పడ్డాక గట్టు మీద ఒక్కరే రాకూడదు. ఎక్కడికి వెళ్తున్నారో, ఎప్పటికి వస్తారో ఒకరికి చెప్పాలి, ఆ వేళకు రాకపోతే ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో ముందే అనుకోవాలి. వాట్సాప్ గ్రూపునే నమ్ముకోవద్దు. 2022 మేలో అమలాపురం అల్లర్లప్పుడు రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. మామూలు ఫోన్ నంబర్లు కాగితం మీద రాసి ఇంట్లో పెట్టండి. బెదిరింపు సంగతి ఇంట్లోవాళ్ల దగ్గర దాచకండి. అది బయటివాళ్ల ద్వారా తెలిస్తే భయం రెట్టింపవుతుంది.

గన్‌మన్ కావాలని కొందరు అడుగుతారు. గన్‌మన్ పక్కన ఉంటే బాధితులు నోరు విప్పరు. సీసీ కెమెరా పెట్టుకోండి, పోయేదేం లేదు. మీరు తీవ్రమైన కేసులో సాక్షి కూడా అయితే మాత్రం 2018లో సుప్రీంకోర్టు ఆమోదించిన సాక్షుల రక్షణ పథకం కింద జిల్లా జడ్జి అధ్యక్షతన ఉండే కమిటీకి దరఖాస్తు పెట్టండి.

ఆడవాళ్ల విషయంలో నేను ఖాయంగా ఒకటే చెప్పలేను. ఊళ్లో ఉంటే నడత మీద మాటలు పుట్టిస్తారు, వెళ్తే ఎవరితో వెళ్లిందంటారు. ఎటు మేలో ఆమే తేల్చుకోవాలి. సంఘంలో మగవాళ్లు కూర్చుని ఆమె తరఫున తీర్మానం చేయడం నాకు నచ్చదు. వెళ్తానంటే పిల్లల బడి సంగతి, చేతి ఖర్చు, తోడు వెళ్లే మనిషి, ఇవి మనం చూడాలి.

ఇక ఏ బెదిరింపూ లేనప్పుడు కూడా ఒక వారం బయటికి వెళ్లి రండి. ఛార్జిషీటు పడ్డాకో, వాయిదా దూరంగా ఉన్నప్పుడో పని ఇంకొకరికి అప్పజెప్పి, ఫోన్ కూడా వాళ్ల చేతికే ఇచ్చి వెళ్లండి. మీరు లేని ఆ వారంలో ఏ పని ఎక్కడ ఆగిందో చూస్తే, ఇంకా మీ ఒక్కరి చేతిలోనే ఉండిపోయినవేంటో తెలుస్తుంది.