సాన్యాలో ఎక్కడ దిగాలి?

మేం దక్షిణ చైనాలోని షెన్‌జెన్‌లో ఉంటాం. ఇక్కడికి దక్షిణంగా ఉన్న దీవి హైనాన్, దాని దక్షిణ కొసన ఉన్న బీచ్‌ల ఊరు సాన్యా. చలికాలం దగ్గరపడితే చాలు, చుట్టాలూ స్నేహితులూ ఒకటే ప్రశ్న: "హైనాన్ వెళ్దామనుకుంటున్నాం, సాన్యాలో ఎక్కడ దిగమంటావ్?" హాంకాంగ్‌లో ఉండే మా బావైతే మూడేళ్లలో మూడుసార్లు అడిగాడు, ఒక్కసారీ వెళ్లలేదు. ఇక విడివిడిగా చెప్పే ఓపిక లేక అందరికీ కలిపి రాసేస్తున్నాను.

చైనాలో డబ్బు కట్టడానికి వీచాట్, అలీపే వాడాల్సి రావడం, గూగుల్ పనిచేయకపోవడం లాంటివి మీకు తెలిసినవే. ఒక్కమాట మాత్రం చెప్పాలి. హైనాన్‌కి వీసా అక్కర్లేదన్న వీడియోలు చూసి సంబరపడకండి. 2018 నుంచి 59 దేశాల వాళ్లకి 30 రోజుల వెసులుబాటు ఇచ్చారు, అందులో మన దేశం లేదు. మనం మామూలుగా చైనా వీసా తీసుకోవాల్సిందే.

సాన్యాలో బస అంటే ప్రధానంగా నాలుగు తీరాలు. పడమర నుంచి తూర్పుకి వరసగా సాన్యా బే, దాదోంగ్‌హై, యాలోంగ్ బే, హైతాంగ్ బే. అందరూ గది ఫొటోలు, స్విమ్మింగ్ పూల్, అద్దె, పొద్దున టిఫిన్‌లో ఎన్ని రకాలు అని పోల్చుకుంటారు. నేను చూసేది ఒక్కటే: దిగినచోట నీళ్లలోకి దిగనిస్తారా లేదా?

ఈ తెలివి నాకు మొదటిసారి లేదు. ఆ డిసెంబరులో హైతాంగ్ బేలో దిగాం. కారణాలు బలమైనవే. హోటళ్లు కొత్తవి, గదులు పెద్దవి. 2014లో తెరిచిన భారీ డ్యూటీ ఫ్రీ మాల్ అక్కడే ఉంది. 2018లో వచ్చిన, వాటర్ పార్కు ఉన్న అట్లాంటిస్ హోటల్ కూడా అక్కడే కాబట్టి నీళ్ల ఆటలకి పాప ఎగిరి గంతేసింది. బాల్కనీలోంచి చూస్తే సముద్రం అద్భుతం. పొద్దున్నే తువ్వాళ్లు భుజాన వేసుకుని ఒడ్డుకు వెళ్తే ఎర్రజెండా, అడ్డంగా తాడు, ఈదే మనిషి బొమ్మ మీద గీత కొట్టిన బోర్డు. ఎవరి మోకాలు తడిసినా గార్డు ఈల వేసేవాడు. మూడు రోజులూ అదే ఈల. బుక్ చేసేటప్పుడు ఈ సంగతి హోటల్ వాళ్లు ఒక్క ముక్క చెప్పలేదు.

మాది విశాఖ. అమ్మ తాడు ఇవతల నిలబడి కాసేపు చూసి, "ఆర్కే బీచ్ చూపించడానికి ఇంతదూరం తీసుకొచ్చావట్రా?" అంది. నిజానికి అమ్మ మాటలో భూగోళశాస్త్రం కూడా ఉంది. విశాఖ, సాన్యా దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి, అర డిగ్రీ తేడా. ఆర్కే బీచ్‌లో ఎందుకు దిగొద్దంటారో హైతాంగ్‌లోనూ అందుకే: ఒడ్డు దాటగానే లోతు, వెనక్కి పోయే కెరటం కాళ్లు లాగేస్తుంది. పైగా హైతాంగ్ తూర్పుకి తెరుచుకుని ఉంటుంది. మనం వెళ్లే చలికాలంలోనే ఈశాన్య గాలులు సముద్రాన్ని నేరుగా దాని మీదికి తోస్తాయి. పూల్‌లోనే ఈదుతాం, మాల్‌లోనే తిరుగుతాం అనుకునేవాళ్లకి హైతాంగ్‌ని మించింది లేదు, నిజంగానే. కానీ ఆ పనికి సముద్రమెందుకు?

రెండోసారి, మళ్లీ డిసెంబరులోనే, యాలోంగ్ బేలో దిగాం. ఏడున్నర కిలోమీటర్ల నెలవంక తీరం. వెనక కొండలు, రెండు వైపులా కొమ్ముల్లా ముందుకు పొడుచుకొచ్చిన నేల, ఎదురుగా నీళ్లలో అడవిపంది దీవి అనే చిన్న దిబ్బ. ముఖం దక్షిణానికి కాబట్టి ఈశాన్య గాలికి కొండలే అడ్డు. హైతాంగ్‌లో తెల్లటి నురగ లేస్తున్న రోజుల్లోనే ఇక్కడ నీళ్లు చెరువులా ఉన్నాయి. నడుంలోతుకి నడిచినా నా కాలివేళ్లు నాకు కనిపించాయి. అక్కడ ఇంటిల్లిపాదీ ఒకే పూల అచ్చు చొక్కాలు వేసుకుని తిరగడం ఓ సరదా. పాప గోలకి మేమూ నాలుగు కొన్నాం. అమ్మ చీర మీదే ఆ చొక్కా తొడుక్కుని, నా చెయ్యి పట్టుకుని, జన్మలో మొదటిసారి సముద్రంలో నడుం దాకా దిగింది. నలభై నిమిషాలు బయటికి రానంది.

లోపాలు లేవని కాదు. ఊరికి పాతిక కిలోమీటర్ల దూరం. రాత్రి ఎనిమిది దాటితే హోటల్ తప్ప దిక్కులేదు, అక్కడ తిండి ఖరీదెక్కువ, శాకాహారులకి ఆప్షన్లు తక్కువ. ఇంకో సంగతి, తూర్పు కొసన చైనా నౌకాదళ స్థావరం ఉంది. డ్రోన్ ఇంటి దగ్గరే వదిలేయండి.

బడ్జెట్ తక్కువైతే దాదోంగ్‌హై. ఇదీ కొండల చాటునే ఉన్న దక్షిణ తీరం, హాయిగా ఈదొచ్చు. ఊళ్లోనే ఉంది కాబట్టి చౌక గదులు, తిండి దుకాణాలు నడిచే దూరంలో. బోర్డులన్నీ చైనీస్‌తో పాటు రష్యన్‌లో ఉంటాయి. జనం మాత్రం తిరునాళ్లలా ఉంటారు. వెనక సందులో చింగ్‌బూల్యాంగ్ తినకుండా రావొద్దు: చల్లటి కొబ్బరిపాలలో ఉడికించిన పెసలు, చామదుంప ముక్కలు, పుచ్చకాయ, మధ్యలో కౌజుపిట్ట గుడ్డు. అమ్మ గుడ్డు తీయించేసి రెండు గిన్నెలు తాగింది.

సాన్యా బే విమానాశ్రయానికి దగ్గర, ఒడ్డంతా కొబ్బరిచెట్లు, సూర్యాస్తమయం బాగుంటుంది. చలికి తట్టుకోలేక ఈశాన్య చైనా నుంచి వచ్చి చలికాలమంతా ఉండిపోయే పెద్దవాళ్లు సాయంత్రాలు అక్కడ గుంపులుగా డాన్సులు చేస్తారు. చూడ్డానికి ఒక సాయంత్రం చాలు.

మిగతావి క్లుప్తంగా. దీవి తూర్పు తీరాన వాన్‌నింగ్‌లోని రియువే బే సర్ఫింగ్ చేసేవాళ్లకి, అదీ చలికాలంలోనే. హైతాంగ్ ఎదురుగా ఉన్న వూజీజౌ దీవికి పొద్దున పడవెక్కి సాయంత్రం తిరిగి రావచ్చు. ఉత్తర కొసన ఉన్న హైనాన్ రాజధాని హైకౌ చలికాలంలో ముసురు పట్టి ఉంటుంది, పాత వీధులు చూసి రైలెక్కేయడమే. ఎక్కడికైనా సరే, చైనా కొత్త సంవత్సరం వారంలో వెళ్లొద్దు. గది అద్దెలు ఎన్నో రెట్లు పెరుగుతాయి.

హోటల్‌కి డబ్బు కట్టే ముందు "బీచ్ ఉందా?" అని అడగకండి, అందరూ ఉందనే అంటారు. "నెంగ్ శ్యాహాయ్ యౌయుంగ్ మా?" అని అడగండి. సముద్రంలో దిగి ఈదొచ్చా అని. శ్యా అంటే అచ్చంగా మన దిగడమే. చివరి యౌయుంగ్ మర్చిపోవద్దు. ఒట్టి శ్యాహాయ్ అంటే ఉద్యోగం మానేసి వ్యాపారంలోకి దిగడం అనే అర్థం కూడా ఉంది. 1988లో హైనాన్ విడి ప్రావిన్స్, ప్రత్యేక ఆర్థిక మండలి అయినప్పుడు చైనా నలుమూలల నుంచీ అలా దిగడానికి వచ్చినవాళ్లకి లెక్కలేదు. మీరు అడిగేది ఆ దిగడం కాదు కదా. అటు నుంచి తడుముకోకుండా "నెంగ్", అంటే దిగొచ్చు, అని వస్తేనే బుక్ చేయండి.