జే రీటార్డ్ 'బ్లడ్ విజన్స్': అరగంటలోపే పదిహేను పాటలు

అమెరికా గాయకుడు జే రీటార్డ్ ఆల్బమ్ 'బ్లడ్ విజన్స్' మొదటిసారి విన్నప్పుడు ఏ పాట ఎక్కడ అయిపోయిందో, తర్వాతిది ఎక్కడ మొదలైందో కూడా పట్టుకోలేకపోయాను, అంత స్పీడు. మూడోసారి విన్న రోజు రాత్రి అన్నం తింటుంటే "ఏంటా పాట?" అని మా చెల్లి అడిగింది. అప్పటిదాకా కూనిరాగం తీస్తున్నానని నాకే తెలీదు. పైకి పంక్‌లా, అంటే వేగంగా మోటుగా సాగే రాక్ సంగీతంలా ఉరుకుతుంది గానీ లోపల ఉన్నవన్నీ ఒకసారి పట్టుకుంటే వదలని ట్యూన్లు.

జే రీటార్డ్ మెంఫిస్‌లో పెరిగినవాడు. పదిహేనేళ్లకే ఇంట్లో టేపుల మీద పాటలు రికార్డు చేయడం మొదలుపెట్టాడు. తర్వాత లాస్ట్ సౌండ్స్ అనే బ్యాండ్‌లో పంక్‌కి సింథసైజర్లు కలిపాడు, 2005లో అది విడిపోయింది. ఆ మరుసటి ఏడాదే ఇన్ ది రెడ్ అనే చిన్న రికార్డు కంపెనీ నుంచి ఈ ఆల్బమ్ వచ్చింది. వాయిద్యాలు దాదాపు అన్నీ తనే వాయించుకున్నాడు, అందుకే కాబోలు గిటార్, డ్రమ్స్, గొంతు మూడూ ఒకే మనిషి ఊపిరి బిగబట్టి పరిగెడుతున్నట్టు వినిపిస్తాయి.

పంక్ నుంచే పుట్టిన న్యూ వేవ్ అనే శైలి ఛాయలు కూడా ఇందులో ఉన్నాయి, అవి నాకు గొంతులోనే ఎక్కువ కనిపించాయి. అమెరికా కుర్రాడే అయినా పాత లండన్ బ్యాండ్ల యాసలో మాటల్ని తుంచి తుంచి పాడతాడు. చివరి పాట కూడా ఇంగ్లండ్ బ్యాండ్ ది యాడ్వర్ట్స్‌దే, దాన్ని తను మళ్లీ పాడాడు. 'ఇట్స్ సో ఈజీ' వినండి: స్నేహితులంతా పోతే బతకడం ఎంత తేలికో అంటుంటాడు, ట్యూన్ మాత్రం పిల్లలు చప్పట్లు కొడుతూ పాడుకునేలా ఉంటుంది. ఆ రెండూ కలిసేసరికి ఒళ్లు జలదరించింది నాకు.

నచ్చనిది కూడా చెప్పాలి. ఒక మనిషి వెంటపడి చంపాలనుకునే ఆలోచనలు పాట తర్వాత పాటలో వస్తూనే ఉంటాయి. అది పాటలోని పాత్ర మాటే అయినా, రెండుమూడు చోట్ల నాకు ఇబ్బందిగానే అనిపించింది. కవర్ మీద ఒంటినిండా రక్తంతో తనే ఉంటాడు, చిన్నపిల్లలున్న ఇంట్లో కనపడేలా పెట్టుకునే బొమ్మ కాదు. సౌండ్ కూడా గరుగ్గా ఉంటుంది, మామూలు ఇయర్‌ఫోన్స్‌లో వాల్యూమ్ పెంచితే డ్రమ్స్‌తో పాటు మోగే సింబల్స్ (పెద్ద ఇత్తడి తాళాలు) చెవిలో గుచ్చుకుంటాయి. స్పీకర్‌లో వింటే చాలా నయం.

2009లో మాటడార్ అనే రికార్డు కంపెనీ నుంచి వచ్చిన 'వాచ్ మీ ఫాల్' ఆల్బమ్‌లో వేగం తగ్గించి ట్యూన్‌కి ఇంకా చోటిచ్చాడు. 2010 జనవరిలో, 29 ఏళ్లకే చనిపోయాడు. అది తెలిశాక ఈ తొందరంతా వేరేలా వినిపిస్తోంది, ఏం చేయను.

కొత్తగా వినేవాళ్లు మొదటి పాట నుంచి కాకుండా 'మై షాడో'తో మొదలుపెట్టండి. కోరస్‌లో ఉన్నది ప్రధానంగా రెండే మాటలు, అవే తిరిగి తిరిగి వస్తాయి, మూడోసారి వచ్చేసరికి మీరూ అందుకుంటారు. అది నచ్చితే మొత్తం ఆల్బమ్ ఒక్క బిగిన వినేయండి, మధ్యలో ఆపకండి.