ఫోన్ పెట్టేసినా లైన్ వదలని ఈపీఏబీఎక్స్: కొన్నేళ్లు వాడాక

మా చిన్న ఆఫీసులో ఉన్నది 3 బయటి లైన్లు, 12 ఎక్స్‌టెన్షన్లు (లోపలి ఫోన్లు) పట్టే అనలాగ్ ఈపీఏబీఎక్స్, అంటే బయటి లైన్లని ఆఫీసులోని ఫోన్లకి కలిపే మెషీన్. ఎవరైనా అడిగితే బాగుందనే చెప్తాను. ఒక్క విషయంలో మాత్రం దీని మీద కోపం ఇంకా చల్లారలేదు. అవతలివాళ్లు ఫోన్ పెట్టేసిన సంగతి దీనికి తెలియదు.

మనిషి రిసీవర్ ఎత్తితే ఈ బాధ లేదు. అవతల పెట్టేశారని చెవికి తెలుస్తుంది, మనమూ పెట్టేస్తాం, లైన్ ఖాళీ అవుతుంది. చిక్కంతా మెషీన్ తనంతట తాను ఎత్తే కాల్స్‌తోనే. ఆటో అటెండెంట్ (కాల్ ఎత్తి రికార్డు చేసిన మాటలు వినిపించే ఫీచర్) స్వాగతం చెబుతుండగానే విసుగొచ్చి ఎవరో పెట్టేస్తారు. ఎక్స్ఛేంజ్ మన లైన్లోకి ఎంగేజ్ టోన్ పంపుతుంటుంది. మెషీన్ ఆ టోన్‌కే మర్యాదగా "సేల్స్ కోసం 1 నొక్కండి" అని చెబుతుంటుంది. ఎవరూ ఏమీ నొక్కరు కాబట్టి చివరికి వాయిస్ మెయిల్‌కి పంపుతుంది. అక్కడ నిమిషాల తరబడి కుయ్ కుయ్ రికార్డవుతుంది.

అదైనా నయం. ఆఫీసు మూశాక వచ్చే కాల్స్‌ని నా మొబైల్‌కి మళ్లించే ఫీచర్ ఒకటుంది. కొత్తలో నేను అందరికీ చూపించి మురిసిపోయింది దాన్నే. ఒక లైన్లో వచ్చిన కాల్‌ని మెషీన్ ఇంకో లైన్లోంచి బయటికి పంపి రెండింటినీ కలుపుతుంది. మాట్లాడటం అయ్యాక ఇద్దరం పెట్టేస్తాం. ఇక ఒక లైన్ ఎంగేజ్ టోన్ రెండోదానికి వినిపిస్తూ, రెండూ అలాగే ఉండిపోతాయి. ఒక శనివారం సాయంత్రం ఇలా రెండు లైన్లు బిగుసుకుపోయాయి, మూడోది వాయిస్ మెయిల్‌లో చిక్కుకుంది. సోమవారం దాకా ఎవరు చేసినా ఎంగేజే. ఆఫీసు లోపల ఇంటర్‌కామ్ మాత్రం చక్కగా మోగుతోంది, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. ఓ కస్టమర్ మనిషిని పంపి "మీ ఫోన్ సరిగ్గా పెట్టలేదా?" అని అడిగిస్తే గానీ తెలియలేదు. మెషీన్ ఆపి మళ్లీ ఆన్ చేస్తే అన్నీ లేచి కూర్చున్నాయి.

అమ్మినవాళ్ల టెక్నీషియన్ వచ్చి లైన్లదే తప్పన్నాడు. లైన్లవాళ్లు వచ్చి మామూలు ఫోన్ తగిలించి చూసి, లైన్ శుభ్రంగా ఉందన్నారు. ఇద్దరి మాటా నిజమే, అదే ఒళ్లు మండించేది.

చివరికి పాతకాలం ఎక్స్ఛేంజ్ పని తెలిసిన ఓ పెద్దాయన తేల్చారు. కాల్ అయిపోయిందని మెషీన్‌కి తెలిసే దారులు మూడు. ఎక్స్ఛేంజ్ లైన్ పోలారిటీ (ప్లస్, మైనస్) తిప్పాలి, లేదా ఆ లైన్లో ఒక్క క్షణం కరెంట్ కట్ చేయాలి. ఆ రెండూ లేకపోతే ఎంగేజ్ టోన్‌ని మెషీనే విని గుర్తుపట్టాలి. మా లైన్లకి మొదటి రెండూ లేవు. మూడోదేమో ఫ్యాక్టరీ సెట్టింగ్‌లోనే ఉంది. ఈ టోన్ అన్ని దేశాల్లో ఒకటి కాదు. అమెరికాలో 480, 620 హెర్ట్జ్ రెండూ కలిసి అర సెకను మోగి అర సెకను ఆగుతాయి. యూరప్‌లో చాలాచోట్ల ఒక్క 425 హెర్ట్జే. మా మెషీన్ మా లైన్లో ఎప్పటికీ రాని టోన్ కోసం చెవులు రిక్కించుకుని కూర్చుంది! ఆయన మా టోన్ రికార్డ్ చేసి, కొలిచి, ఆ అంకెలు ప్రోగ్రామింగ్‌లో ఎక్కించారు.

అప్పటినుంచి లైన్లు వదులుతున్నాయి. అయితే కొన్నాళ్లు ఇంకో తలనొప్పి. ఎక్కడికైనా ఫోన్ చేస్తే వాళ్లు హోల్డ్‌లో పెట్టే సంగీతాన్ని ఎంగేజ్ టోన్ అనుకుని కాల్ కట్ చేసేది. టోన్ ఇంకొన్నిసార్లు వినిపించాకే కట్ చేసేలా మార్చాక అది తగ్గింది, పూర్తిగా పోలేదు. మొబైల్‌కి మళ్లించే కాల్స్‌కి టైమ్ లిమిట్ పెట్టాను, కాబట్టి పెద్ద సంభాషణ మధ్యలో తెగుతుంది. అంత మెచ్చుకున్న ఫీచర్‌ని ఇప్పుడు సెలవు రోజుల్లో ఆపేసి వెళ్తున్నాను.

మిగతావాటికి పెద్దగా వంక పెట్టలేను. కరెంటు పోతే మొదటి లైన్ నేరుగా ఒక ఎక్స్‌టెన్షన్‌కి కలుస్తుంది, ఆ ఒక్క ఫోనైనా పనిచేస్తుంది. లోపలి బటన్ సెల్ అయిపోతే మాత్రం కరెంటు పోయినప్పుడల్లా గడియారం మొదటికొస్తుంది, పట్టపగలు రాత్రి మెసేజ్ వినిపిస్తుంది. ఎర్త్, సర్జ్ ప్రొటెక్టర్ మొదటిరోజే పెట్టించుకోండి.

మాది అద్దె భవనం. కొత్త కేబుల్ లాగే వీల్లేదు, పాత రాగి తీగలే దిక్కు, అందుకే దీనితో సర్దుకుంటున్నాం. నెట్‌వర్క్ కేబుల్ ఉన్నవాళ్లూ, కాల్స్ ఎక్కువగా బయటికి మళ్లించేవాళ్లూ బయటి లైన్లతో సహా ఐపీ సిస్టమ్ (కంప్యూటర్ నెట్‌వర్క్ మీద నడిచే ఫోన్లు) వైపు చూడటం మేలు. అందులో కాల్ అయిపోతే ఆ కబురు మెసేజ్‌గా వస్తుంది, టోన్ వినాల్సిన పనుండదు. ఇలాంటిదే కొనేట్టయితే డబ్బు కట్టేముందు మీ లైన్ తగిలించి మొబైల్ నుంచి కాల్ చేయండి, స్వాగతం వినిపిస్తుండగానే పెట్టేయండి. ఆ లైన్ లైటు ఎంతసేపటికి ఆరుతుందో చూసి బేరమాడండి.