కారులోంచి పొలం ఇంట్లోకి: 12 వోల్టుల ఫ్రిజ్, లిథియం బ్యాటరీ నాలుగేళ్లు వాడాక

సముద్రం వెంట పిల్లాపాపలతో వారాల తరబడి తిరిగేటప్పుడు చక్కగా పనిచేసిన సరంజామానే, రేపు కరెంటు లైను లేని పొలంలో చిన్న ఇల్లు వేసుకుంటే వాడుకోవచ్చు కదా అని చాలామంది అనుకుంటారు. మేము వాడింది 45 లీటర్ల కంప్రెసర్ ఫ్రిజ్, 100 ఆంపియర్-అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ, 200 వాట్ల సోలార్ ప్యానెల్, ఇంజిన్ నుంచి బ్యాటరీ నింపే 30 ఆంపియర్ల డీసీ-డీసీ ఛార్జర్. రోడ్డుకు ఇవి బ్రహ్మాండంగా సరిపోతాయి. పొలానికి చాలవు.

ముందు ఫ్రిజ్ సంగతి. కంప్రెసర్ తిరిగేటప్పుడు 50 వాట్ల దాకా లాగుతుంది. మంచి ఎండల్లో రోజులో సగానికి కాస్త తక్కువసేపు తిరుగుతుంది కాబట్టి రోజుకు సుమారు 540 వాట్-అవర్లు (వాట్లను గంటలతో గుణిస్తే వచ్చే లెక్క). చవగ్గా దొరికే థర్మోఎలక్ట్రిక్ (కంప్రెసర్ లేని) పెట్టెల జోలికి వెళ్లొద్దు. అవి బయటి వేడి కంటే 15-20 డిగ్రీలు మాత్రమే తగ్గిస్తాయి, పైగా ఆగకుండా కరెంటు తాగుతాయి. పాలు, మందులు వాటిని నమ్మి పెట్టలేం.

కొత్తలో అందరినీ ఏడిపించేది మాత్రం ఫ్రిజ్ కాదు, వైరు. బ్యాటరీ నిండుగా ఉన్నా ఫ్రిజ్ 'లో వోల్టేజ్' చూపించి ఆగిపోతుంది. సిగరెట్ లైటర్ సాకెట్‌కు వెళ్లే వైరు సన్నం. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు అయిదు మీటర్లు వెళ్లి తిరిగి వస్తే, 5 ఆంపియర్ల దగ్గర అర వోల్టు పైనే దారిలో పోతుంది. కంప్రెసర్ స్టార్టయ్యే క్షణంలో ఇంకా ఎక్కువ. అదే 6 చదరపు మిల్లీమీటర్ల వైరయితే 0.15 వోల్టు లోపే. బ్యాటరీ నుంచి నేరుగా లాగి, బ్యాటరీకి జానెడు దూరంలోనే 15 ఆంపియర్ల ఫ్యూజు పెట్టండి. ఫ్రిజ్ మీద బ్యాటరీ ప్రొటెక్షన్ (బ్యాటరీ వోల్టేజ్ ఎంతకు దిగితే ఫ్రిజ్ ఆగాలో చెప్పే) సెట్టింగు ఉంటే, కారు బ్యాటరీ మీద నడిపేటప్పుడు 'హై'లోనూ విడి లిథియం మీద 'లో'లోనూ ఉంచాలి.

ఉప్పుగాలి చేసే పని పైకి కనబడదు. ప్యానెల్ అద్దం మీది ఉప్పుపొర మంచినీళ్లతో కడిగితే పోతుంది. అసలు తంటా లగ్గుల (వైరు చివర బిగించే లోహపు తొడుగుల) దగ్గర. చేత్తో పట్టుకుంటే లగ్గు వెచ్చగా తగులుతుంది. దాని మీది హీట్‌ష్రింక్ (వేడికి ముడుచుకుని అతుక్కునే ప్లాస్టిక్ గొట్టం) కోసి చూస్తే పచ్చటి పొడి, లోపల ఎర్రగా మెరవాల్సిన రాగి బొగ్గులా నల్లగా. తేమ ఇన్సులేషన్ లోపలికి పాకుతుంది కాబట్టి, మెరిసే రాగి కనబడేదాకా వైరు కోసుకుంటూ పోవాల్సిందే. పైపైన గీకి మళ్లీ బిగిస్తే కొన్నాళ్లకే మొదటికొస్తుంది. తగరం పూత ఉన్న వైరు, లోపల జిగురు ఉన్న హీట్‌ష్రింక్ మొదట్లోనే వాడితే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. ఫ్రిజ్ కండెన్సర్ రెక్కల్ని నెలకోసారి మెత్తటి బ్రష్‌తో దులపండి. దాని గ్రిల్లుకు సామాను ఆనించకండి.

ఇక పొలం. ఫ్రిజ్‌కు 540, తొమ్మిది వాట్ల నాలుగు బల్బులు అయిదు గంటలు వెలిగితే 180, తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాను ఎనిమిది గంటలకు 240, ఫోన్లకు 60. మొత్తం 1020 వాట్-అవర్లు. 200 వాట్ల ప్యానెల్ మంచి ఎండ రోజున ఇచ్చేది 620 అనుకోండి. రోజుకు 400 లోటు. రోడ్డు మీద ఈ లోటు తెలియదు, ఎందుకంటే మూడున్నర గంటల డ్రైవింగ్‌తో ఖాళీ బ్యాటరీ సైతం నిండిపోతుంది. బండి ఆపి కాపురం పెడితే 1280 వాట్-అవర్ల బ్యాటరీ మూడు రోజులు దాటగానే చేతులెత్తేస్తుంది. అదీ చెప్పకుండా. లిథియం వోల్టేజ్ చివరిదాకా పెద్దగా దిగదు. బల్బు మసకబారదు, బ్యాటరీ లోపలి రక్షణ సర్క్యూట్ (బీఎంఎస్) ఒక్కసారిగా కట్ చేస్తుంది. అందుకే వోల్ట్‌మీటర్‌ను నమ్మకుండా, బ్యాటరీలోకి వచ్చే, పోయే కరెంటును లెక్కపెట్టే షంట్ మీటర్ పెట్టుకోవాలి. మొత్తం సామానులో మాకు అతి విలువైనదిగా తోచింది ఆ చిన్న మీటరే.

పొలంలో ఉండాలంటే ప్యానెల్స్ 600 వాట్లకు పెంచాలి, ప్యానెల్స్ కరెంటును బ్యాటరీకి తగ్గట్టు అందించే 50 ఆంపియర్ల కంట్రోలర్ వేయాలి. మబ్బు రోజుల కోసం అదే రకం బ్యాటరీ ఇంకొకటి చేర్చాలి. రెండింటినీ విడివిడిగా పూర్తిగా ఛార్జ్ చేశాకే ప్యారలల్‌గా (ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్) కలపండి. ఇంటికి వెళ్లే ప్లస్ వైరు ఒకదాని నుంచి, మైనస్ వైరు రెండోదాని నుంచి తీయండి. లేకపోతే ఒక బ్యాటరీయే ఎక్కువ భారం మోస్తుంది.

నీళ్ల మోటారును మాత్రం ఈ బ్యాటరీకి తగిలించొద్దు. ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లు. మామూలు ఏసీ మోటారు స్టార్టయ్యేటప్పుడు అయిదారు రెట్లు లాగుతుంది, చిన్న ఇన్వర్టర్ అక్కడే ట్రిప్ అవుతుంది. దానికి విడిగా ప్యానెల్స్, నేరుగా ఎండతో నడిచే డీసీ పంపు పెట్టుకుని, పగలే పైనున్న ట్యాంకు నింపుకోండి.