ఖర్బూజకు పల్లీ చెక్క నీళ్లా, 19:19:19 పొడా?

జనవరి వస్తే చాలు, మేడ మీద ఖర్బూజ గింజలు పెట్టినవాళ్లందరూ నన్ను అడిగేది ఇదే. నిరుడు పక్కపక్కనే ఉన్న సంచుల్లో ఒకదానికి అదీ, ఒకదానికి ఇదీ పోసి చూశాను కాబట్టి చెబుతున్నాను.

పల్లీ చెక్కంటే పల్లీల నుంచి నూనె తీశాక మిగిలే పిప్పి. చెన్నైలో అంగడికి వెళ్లి "చెక్క" అంటే ఎవరికీ అర్థం కాదు, "కడలై పుణ్ణాక్కు" అనాలి. గుప్పెడు చెక్క మూడు రోజులు నానబెట్టి, పదింతలు నీళ్లు కలిపి వారానికోసారి పోస్తే సరిపోతుంది. ఇందులో నత్రజని సుమారు 7 శాతం ఉంటుంది. మట్టిలోని సూక్ష్మజీవులు దాన్ని మెల్లగా విడగొట్టి ఇస్తాయి కాబట్టి మొక్క మాడే భయం తక్కువ. కంపు మాత్రం భరించాలి. నానబెట్టిన రోజుల్లో పక్కింటి మామి బట్టలు ఆరేయడానికి కూడా మేడెక్కదు.

19:19:19 అంటే నత్రజని, భాస్వరం, పొటాష్ మూడూ 19 శాతం చొప్పున ఉండే, నీళ్లలో కరిగే ఎరువు పొడి. వాసన లేనిది, లీటరుకు రెండు గ్రాములు చాలు. వారం తిరక్కుండానే ఆకు పచ్చబడుతుంది. చిక్కల్లా మన నీళ్లతోనే. మా వేళచ్చేరి బోరు నీళ్లే ఉప్పన, ఈ పొడీ ఒక రకం ఉప్పే. రెండూ కలిసి సంచిలో పేరుకుంటే అంచున తెల్లటి పొర కడుతుంది, ఆకుల కొసలు మాడతాయి. మెట్రో వాటర్, అంటే ఊరి కుళాయి నీళ్లు, పోసేవాళ్లకు ఇంత బాధ లేదు.

అసలు నన్నడిగితే, ఏది పోశామన్నదానికన్నా ఎప్పుడు ఆపామన్నదే ముఖ్యం. నిరుడు నేను చెక్క నీళ్లు చివరిదాకా పోస్తూనే ఉన్నాను. తీగ పందిరంతా కమ్మేసింది, పూలే పూలు, దాదాపు అన్నీ మగపూలే. కట్టిన నాలుగు పిందెలూ పండి ఘుమఘుమలాడాయి గానీ కోస్తే దోసకాయంత చప్పన! ఎక్కువైన నత్రజని తీగనే పెంచుతుంది. ఆకు తయారుచేసిన చక్కెర కాయలోకి చేరాలంటే పొటాష్ కావాలి. మొదట మగపూలు రావడం మామూలే, కంగారుపడొద్దు. పక్క కొమ్మల మీద వెనకాల చిన్న పిందెతో వచ్చేవే ఆడపూలు. పిందె నిమ్మకాయంత అయిందా, చెక్క నీళ్లయినా 19:19:19 అయినా అక్కడితో ఆపేయండి. అప్పట్నుంచి 0:0:50, అంటే సల్ఫేట్ ఆఫ్ పొటాష్, లీటరుకు మూడు గ్రాములు, పది రోజులకోసారి. తీగకు రెండు కాయలే ఉంచి, పండే ముందు నీళ్లు తగ్గించండి. అంగట్లో "పొటాష్" అని ఊరికే అడిగితే మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ చేతిలో పెడతారు. దాంట్లో క్లోరైడ్ ఉంటుంది, ఉప్పు బోరు ఉన్నవాళ్లకు అసలు వద్దు.

అరటితొక్క నీళ్లు పోసినా నష్టం లేదు, లాభం కూడా పెద్దగా కనబడలేదు. కట్టెల బూడిదలో పొటాష్ ఉన్నా క్షారం ఎక్కువ, మన బోరు నీళ్లకు అది తోడవ్వాలా? చేపా బెల్లం పులియబెట్టిన నీళ్లు బాగానే పనిచేస్తాయట గానీ, మా వీధి పిల్లుల్ని చూశాక ఆ ఊసెత్తలేదు.

ఈసారి నాలుగు సంచులు పెట్టాను. మూడింటికి పిందె కట్టేదాకా చెక్క నీళ్లే. నాలుగోదానికి మెట్రో వాటర్‌లో 19:19:19. అది మామి వాళ్ల గోడ పక్కనుంది.